నీడపట్టున

పల్లెటూళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి ఈ దీవెన గుర్తుండే ఉంటుంది. పరీక్ష పాసయ్యి కాళ్ళకి దణ్ణం పెడితే పెద్దవాళ్ళు తలమీద చెయ్యి వేసి, "నీడపట్టున కూర్చుని చేసుకునే ఉద్యోగం రావాలి నాయనా" అనేవారు. డబ్బు రావాలనో, పేరు రావాలనో కాదు. నీడ, కూర్చోవడం, ఈ రెండే. ఎండలో ఒళ్ళు వంచి బతికినవాళ్ళకి ఆ రెండింటి విలువా తెలుసు కనక తమకి దొరకనిదాన్నే మనకి కోరారు. దీవెనతోపాటు ఒక శాపం కూడా ఉండేది. పుస్తకం ముట్టుకోని కుర్రాణ్ణి "గేదెలు కాసుకుంటావురా" అనేవారు. గేదెలు కాయడమంటే ఏమిటి? పొద్దస్తమానం నడవడం! కూర్చోవడం వరమనీ, నడవడం శాపమనీ వింటూ పెరిగిన తరం మాది.

నా విషయంలో ఆ దీవెన అక్షరాలా ఫలించింది. ఈ దేశం వచ్చి, కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేసి, కన్సల్టెంటునయ్యి, దాదాపు ఇరవై ఏళ్ళుగా నీడపట్టునే ఉన్నాను, కూర్చునే ఉన్నాను. కన్సల్టింగ్‌లో ఇంకో చమత్కారం ఉంది. ప్రాజెక్టు ఉన్నా కూర్చోవడమే, ప్రాజెక్టు లేకపోతే "బెంచి" మీద కూర్చోవడమే. ఏటా రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు గారు అనే మాట ఒకటే, "కాస్త కదులుతూ ఉండండి." అది వైద్యానికి సంబంధించిన మాటనే అందరం అనుకుంటాం. నాకు మాత్రం అందులో డాక్టర్లు తేల్చలేని ప్రశ్న ఒకటి ఉందనిపిస్తుంది. తరాలు తపస్సు చేసి సంపాదించిన వరమే ఒంటిని తినేస్తుంటే, ఆ ఒంటి పట్ల మన ధర్మం ఏమిటి? అది మనకి మనం పడ్డ బాకీయా, ఇంకెవరికైనా పడ్డ బాకీయా? ఆ సంగతి నాకు తోచినంతలో విచారిద్దామని ఈ వ్యాసం.

మేముండే అల్ఫారెట్టా అట్లాంటాకి ఉత్తరాన, జార్జియా 400 హైవేని ఆనుకుని ఉంటుంది. విండ్‌వర్డ్ పార్క్‌వే చుట్టుపక్కలంతా అద్దాల భవనాలు, డేటా సెంటర్లు. వాటి చుట్టూ ఉన్న సబ్‌డివిజన్లలో కావలసినంతమంది తెలుగువాళ్ళం. వందేళ్ళ కిందట ఇదంతా పత్తి పండిన నేల. అప్పట్లో అల్ఫారెట్టా మిల్టన్ కౌంటీకి ముఖ్యపట్టణం. పత్తికి పురుగు పట్టి, ఆపైన ఆర్థికమాంద్యం వచ్చిపడి కౌంటీ దివాలా అంచుకి చేరితే, 1932లో దాన్ని పక్కనున్న ఫుల్టన్ కౌంటీలో కలిపేశారు. మా గుంటూరు జిల్లాలో పత్తి నల్లరేగడిలో పండుతుంది, ఇక్కడ ఎర్రమట్టిలో పండింది. నేల రంగు వేరైనా పత్తి తీసినవాళ్ళ నడుంనొప్పి మాత్రం ఒక్కటే అయి ఉంటుంది. వాళ్ళు వంగిన చోటే ఇప్పుడు మనం కూర్చున్నాం.

ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో కనీసం పార్కింగ్ లాట్ నుంచి లిఫ్టుదాకా నడక ఉండేది. 2020 మార్చి తరవాత అదీ పోయింది. మా ఇంట్లో మంచం నుంచి కుర్చీకి పద్నాలుగు అడుగులు. పొద్దున్న ఎనిమిదికి హైదరాబాదు టీము ఇంటికెళ్ళేలోపు ఒక కాల్, ఆపైన ఇక్కడి క్లయింటుతో వరసగా నాలుగు కాల్స్, రాత్రి తొమ్మిదిన్నరకి హైదరాబాదులో తెల్లవారాక మళ్ళీ ఒకటి. కాలు కదపకుండా రోజుకి రెండు ఖండాలు చుట్టి వస్తాం. ఊళ్ళో నడవడానికి చోటు లేక కాదు. బిగ్ క్రీక్ గ్రీన్‌వే అని వాగు పక్కన, చెట్ల కింద మైళ్ళ తరబడి సాగే చక్కటి కాలిబాట ఉంది. కానీ అక్కడికి నడిచి వెళ్ళేవాళ్ళు తక్కువ. కారు వేసుకుని వెళ్ళి, పార్కింగ్ దొరక్క రెండు చుట్లు తిరిగి, అప్పుడు దిగి నడుస్తాం.

కూర్చోవడం వల్ల ఏమవుతుందో ఈ మధ్య కనిపెట్టిన విషయమేమీ కాదు. చరకసంహిత ప్రమేహానికి, అంటే మనం షుగరు అంటున్న జబ్బుల కుటుంబానికి, కారణాలు చెబుతూ మొట్టమొదట చెప్పింది కూర్చునే సుఖం. ఆ తరవాతది నిద్రసుఖం. పెరుగూ, బెల్లమూ వాటి తరవాతే వస్తాయి. ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పెద్ద గ్రంథం రాశాడు. 1713లో దాన్ని పెంచి వేసినప్పుడు అందులో రాయసగాళ్ళ గురించి కూడా చేర్చాడు. రోజంతా కదలకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరున ఆడుతూ ఉండడం, లెక్క తప్పుతుందేమోనని మనసు బిగబట్టుకుని ఉండడం, ఈ మూడూ వాళ్ళని దెబ్బ తీస్తున్నాయన్నాడు. కలం తీసేసి మౌసు పెడితే అది మన ఉద్యోగమే.

దీన్ని అంకెల్లో పట్టుకున్నది లండన్‌లో జెర్రీ మారిస్ అనే డాక్టరు. ఆయన బృందం 1953లో అచ్చువేసిన పరిశీలన చాలా సులువుగా అర్థమవుతుంది. లండన్‌లో రెండంతస్తుల బస్సుల్లో ఒక డ్రైవరు, ఒక కండక్టరు. ఇద్దరూ ఇంచుమించు ఒకే రకం కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు, ఒకే బస్సులో పనిచేసేవాళ్ళు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకి సుమారు 600 మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బులు, అందులోనూ ప్రాణం తీసేవి, డ్రైవర్లలో బాగా ఎక్కువ కనిపించాయి. డ్రైవర్ల శరీరం మొదటినుంచీ వేరేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి 1956లో వాళ్ళకి కంపెనీ కుట్టించిన ప్యాంట్ల నడుం కొలతలు కూడా చూశారు. డ్రైవర్ల నడుములు మొదటినుంచీ కొంచెం పెద్దవేనట! కదలిక ఒక్కటే కారణం కాదని ఒప్పుకుంటూనే ఆయన జీవితాంతం ఆ పరిశోధన సాగించాడు. స్వయంగా వ్యాయామం చేస్తూ 99 ఏళ్ళు బతికి 2009లో పోయాడు.

మన సంగతి ఇంకొంచెం ఇబ్బందికరం. దక్షిణాసియావాళ్ళకి సన్నగా కనిపించే ఒంట్లోనే షుగరు దాగి ఉంటుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో, ఆసియా సంతతివాళ్ళకి బీఎమ్ఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే పరీక్ష చెయ్యమంది. స్వదేశంలో ఉంటే ఈ బెడద లేదని కాదు. 2022 నాటికి భారతదేశంలో పెద్దవాళ్ళలో సుమారు సగం మంది చాలినంత కదలడం లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక అచ్చువేసింది. ఆడవాళ్ళలో అది 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం. మాదాపూర్‌లో ఉన్నది కూడా ఇదే కుర్చీ. ఊరట కలిగించే సంగతి కూడా ఒకటుంది. పది లక్షలమందికి పైగా మనుషుల వివరాలు కలిపి 2016లో చేసిన ఒక విశ్లేషణలో, రోజుకి ఎనిమిది గంటలకి మించి కూర్చునేవాళ్ళలో కూడా, 60 నుంచి 75 నిమిషాలు చురుగ్గా నడిచేవాళ్ళకి ఆ అదనపు ప్రమాదం దాదాపు కనిపించలేదు. అంటే మందు ఉంది. ఖరీదు కూడా లేదు.

మరి ఎందుకు వేసుకోం?

తీరిక లేదంటాం. అది కొంతవరకే నిజమని నా అభిప్రాయం. ఇంకా లోతైన కారణం ఒకటుంది. శరీరశ్రమ ఒక శిక్ష అని మనకి చిన్నప్పుడే నేర్పారు. బళ్ళో లెక్క తప్పితే గుంజీలు తీయించేవారు. అల్లరి చేస్తే గోడకుర్చీ వేయించేవారు. ఇంకా పెద్ద నేరమైతే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు. లెక్క సరిగ్గా చేసినవాడికి బహుమతి ఏమిటంటే, హాయిగా కూర్చోవచ్చు. ఈమధ్య ఇక్కడ ఒక జిమ్‌లో ట్రైనరు గంటకి అరవై డాలర్లు తీసుకుని మా మిత్రుడి చేత చేయించినవి ఇవే. గుంజీల్ని స్క్వాట్లన్నాడు, గోడకుర్చీని వాల్ సిట్ అన్నాడు. "మా లెక్కల మేష్టారు ఇవన్నీ ఉచితంగా చేయించేవారండీ" అని మా మిత్రుడు నిట్టూర్చాడు. మనమే ఇలా అనుకోనక్కర్లేదు. ట్రెడ్‌మిల్ పుట్టుక కూడా అలాంటిదే. విలియం క్యూబిట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1818లో ఖైదీల కోసం రూపొందించిన చక్రం అది. ఖైదీలు గంటల తరబడి ఆ చక్రం మెట్లు ఎక్కుతూనే ఉండాలి, పైకి మాత్రం చేరరు. మరీ క్రూరంగా ఉందని 1898 చట్టంతో బ్రిటన్ దాన్ని తొలగించే పని మొదలుపెట్టింది. దాని పేరే పెట్టుకున్న యంత్రం ఇప్పుడు మన బేస్‌మెంట్లలో ఉంది, ఎక్కువ రోజులు తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తూ.

శిక్ష అనుకున్నదాన్ని ఎవడైనా ఎన్నాళ్ళు చేస్తాడు? జనవరిలో మొదలుపెట్టి ఫిబ్రవరిలో పెరోలు మీద బయటికొచ్చేస్తాడు.

శిక్ష అన్న భావం ఒక్కటే కాదు, తక్కువ పని అన్న భావం కూడా ఉంది. అది ఎంత లోతుగా ఉంటుందో మా నాన్న వల్ల నాకు తెలిసింది. ఆయన పత్తి రైతు. 2016లో ఆర్నెల్లు మా దగ్గరికి వచ్చారు. ఇక్కడ వేసవిలో బెర్ముడా గడ్డి వారానికి ఒకసారి కోయకపోతే హెచ్.ఓ.ఏ. వాళ్ళు ఉత్తరం పంపిస్తారు. చాలామంది ఇళ్ళకి మెక్సికో నుంచీ, గ్వాటెమాల నుంచీ వచ్చిన మనుషులు ట్రక్కు వేసుకొచ్చి అరగంటలో కోసి వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఆ గంట సేపు మోవరు తొయ్యడం ఇష్టం. ఒక శనివారం నేను చెమటలు కక్కుతూ తోస్తుంటే నాన్న డ్రైవ్‌వే మీద నిలబడి చూశారు. మెచ్చుకుంటారనుకున్నాను. దగ్గరికొచ్చి మెల్లిగా, "దీనికేనంట్రా నిన్ను చదివిచ్చింది? ఆ కూలోళ్ళకిచ్చే డబ్బులు లేవా నీకాడ?" అన్నారు. గొంతులో కోపం లేదు, అవమానం ఉంది. తను వంచిన నడుం కొడుకు వంచకూడదన్నది ఆయన జీవితాశయం. నేను సరదాకి వంచుతున్నాను. నాకు అది వ్యాయామం, ఆయనకి అది ఓటమి.

విచిత్రమేమిటంటే ఆ ఆర్నెల్లూ ఆయన ఒక్కపూట కూర్చోలేదు. ఇంటి వెనక ఎర్రమట్టి తవ్వి గోంగూర, బీర, దోస పెట్టారు. లేళ్ళు వచ్చి తింటుంటే కర్రలు పాతి వల కట్టారు. "మీరు చేస్తే తప్పులేదా నాన్నా?" అంటే, "నాకిది పనిరా, నీకు కాదుగా" అన్నారు. ఆ జవాబు మీద నేను చాలా రోజులు ఆలోచించాను. శ్రమ ఆయన దృష్టిలో చెడ్డది కాదు. అది ఒక తరగతి మనుషులది. చదువుకున్నవాడు ఆ తరగతి దాటి వచ్చాడు, వెనక్కి తిరిగి చూడకూడదు. మన సమాజంలో ఏ పని ఎవరు చెయ్యాలన్నది చేతుల బలాన్నిబట్టి కాక పుట్టుకనిబట్టి తేల్చిన చరిత్ర ఎంత పొడుగైనదో చెప్పనక్కర్లేదు. ఒళ్ళు వంచడానికి మనం పడే సంకోచంలో ఆ చరిత్ర పాలు కొంత ఉంది. సముద్రాలు దాటినా అది మనతోపాటు చెకిన్ లగేజీలో వచ్చింది.

హైస్కూల్లో శక్తి నిత్యత్వ నియమం చదువుకున్నాం. శక్తిని సృష్టించలేం, నశింపజెయ్యలేం, రూపం మారుతుందంతే. అడుగులకి కూడా అలాంటి నియమమేదో ఉందేమోనని నాకనిపిస్తుంది. మనం వెయ్యని అడుగులు ఎక్కడికీ పోవు, ఇంకెవరో వేస్తారు. హైదరాబాదులో నాలుగో అంతస్తు ఫ్లాటుకి కొత్తిమీర కట్ట తెచ్చే డెలివరీ కుర్రాడు వేస్తాడు. ఇక్కడ గిడ్డంగిలో మన పార్సిలు వెతికే మనిషి వేస్తుంది. ఇంకా దగ్గరగా చూస్తే, ఇంట్లోనే ఒకరు వేస్తారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కంప్యూటర్ల ముందే ఉద్యోగాలు చేస్తున్న ఇళ్ళలో, సాయంత్రం ఆయన జిమ్‌కి వెళ్ళే గంటలో ఆవిడ వంట చేసి, గిన్నెలు సర్ది, పిల్లల్ని ఈతకి దింపి వస్తుంది. ఆ గంట ఆయన ఆరోగ్యం ఖాతాలో పడుతుంది. ఎవరి ఖాతాలోంచి పోయిందో లెక్క రాసేవాడు లేడు. వ్యాయామం కూడా ఒకరి తీరికని ఇంకొకరు వాడుకోవడమే అయ్యే అవకాశం ఉంది. గిన్నెలు తోమడం కూడా కదలికేనని చేతి గడియారం ఒప్పుకోకపోవచ్చు, ఒళ్ళు ఒప్పుకుంటుంది.

ఇంతదాకా వచ్చాక ఒక తొందరపాటు తీర్మానం నోటికొస్తుంది. "కూలిపనే ఆరోగ్యం, పాతకాలమే బాగుంది, రైతు దేహం ఉక్కు" అని. రైతుల్ని ఫొటోల్లో చూసినవాళ్ళు అనే మాట అది. మా నాన్న మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. అమ్మ కలుపు తీసీ తీసీ అరవై నిండకుండానే వంగిపోయింది. పరిశోధన కూడా ఇదే చెబుతోంది. 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, ఉద్యోగంలో భాగంగా బరువైన శ్రమ చేసే మగవాళ్ళకి త్వరగా చనిపోయే ప్రమాదం తక్కువ శ్రమ చేసేవాళ్ళకంటే 18 శాతం ఎక్కువ. తీరిక వేళల్లో చేసిన శ్రమ ఆయుష్షు పెంచుతుంటే, బతుకుతెరువు కోసం చేసిన శ్రమ తగ్గిస్తోందన్నమాట! దీనికి పరిశోధకులు చెప్పే కారణాలు ఆలోచించదగ్గవి. కూలిపనిలో శ్రమ గంటల తరబడి సాగుతుంది, మధ్యలో ఒళ్ళు తేరుకునే వ్యవధి ఉండదు. ముఖ్యంగా, ఎప్పుడు ఆపాలో చేసేవాడి చేతిలో ఉండదు.

కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళ పోరాటం ఇక్కడ గుర్తొస్తుంది. రోజంతా నిలబడే ఉండాలి. కొనేవాళ్ళు లేనప్పుడైనా కూర్చుంటే జీతం కోసేవారు. ఏళ్ళ తరబడి వాళ్ళు గొడవ చెయ్యగా, 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే తెచ్చింది. కుర్చీ కోసం చట్టం! "కుర్చీయే మన శత్రువు" అని ఇక్కడ మనం సెమినార్లు పెట్టుకుంటున్న రోజుల్లోనే, అక్కడ ఒక స్టూలు కోసం మనుషులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్నాకే నాకు అసలు విషయం కొంత తేటపడింది. ఆ దుకాణంలో అమ్మాయికి కూర్చునే స్వేచ్ఛ లేదు, నాకు లేచే స్వేచ్ఛ లేదు. నాకు జీతం చాలా ఎక్కువ, కష్టం చాలా తక్కువ. అందులో పోలిక లేదు, పోలిక తెస్తే పాపం. కానీ చెడిపోతున్నది రెండు చోట్లా ఒక్కటే. మన ఒంటికి ఎప్పుడు ఏం కావాలో చెప్పే మాట వినే అధికారం మన చేతిలోంచి పోయింది. కూర్చోవడం పాపమూ కాదు, కదలడం పుణ్యమూ కాదు. అలిసినప్పుడు కూర్చోగలగడం, బిగిసినప్పుడు లేవగలగడం, ఇది మనిషికి ఉండవలసిన కనీస గౌరవం. దాన్ని నా ఒంటికి నేను ఇవ్వాలి, నా వల్ల పనిచేసేవాళ్ళ ఒళ్ళకీ ఇవ్వాలి.

"నా ఒళ్ళు నా ఇష్టం, పాడైతే నేనే అనుభవిస్తాను, మధ్యలో ధర్మం ఎందుకు?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మన బతుకుల్లో ఒళ్ళు ఒక్కరిది కాదు. ఇంటిల్లిపాది వీసా ఒక్క మనిషి ఉద్యోగం మీద నిలబడిన ఇళ్ళు మనవి. వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి ఎన్నోసార్లు గోఫండ్‌మీ లింకు వస్తుంది. నలభై రెండేళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు, నిద్రలోనే గుండె ఆగింది, శవాన్ని ఇండియా పంపించాలి. తోచినంత వేసి, "ఓం శాంతి" అని రాసి, మళ్ళీ మీటింగులో కూర్చుంటాం. మనం నాన్నలకి కొడుకులం, పిల్లలకి నాన్నలం. ఆ ఇద్దరికీ మధ్య ఈ శరీరం ఒక వంతెన. వంతెనని చూసుకోవడం దాని మీద నడిచేవాళ్ళ పట్ల బాధ్యతే కదా.

అయితే ఈ వాదాన్ని ఒక గీత దాటి తీసుకుపోకూడదు. జబ్బుపడ్డవాణ్ణి పట్టుకుని "కదల్లేదు, అందుకే వచ్చింది" అనేవాళ్ళు తయారవుతున్నారు. రోజూ అయిదు మైళ్ళు పరిగెత్తేవాడికీ గుండెపోటు వస్తుంది. జన్యువులున్నాయి, పుట్టినప్పటి బరువుంది, వీసా భయంతో నిద్రపట్టని రాత్రులున్నాయి. పక్కన కాలిబాట లేని రోడ్డు వేసిన ఊరికీ, భోజనం వేళ కూడా మీటింగు పెట్టే క్లయింటుకీ ఇందులో వాటా ఉంది. ఆరోగ్యం మన చేతిలో లేదు, ప్రయత్నం మాత్రమే ఉంది. ప్రయత్నం చెయ్యడం ధర్మం. ఫలితాన్ని చూసి మనిషిని తూచడం అధర్మం.

గాంధీగారు ఏకాదశ వ్రతాల్లో శరీరశ్రమని కూడా ఒకటిగా పెట్టారు. ప్రతి మనిషీ తన తిండికి సరిపడా ఎంతో కొంత చేతులతో పనిచెయ్యాలని ఆయన ఉద్దేశం. రస్కిన్, టాల్‌స్టాయ్‌ల పుస్తకాల నుంచి ఆయన ఆ ఆలోచన అందుకున్నారు. ఆయన దానికి చెప్పిన కారణం ఆరోగ్యం ఒక్కటే కాదు. శ్రమ చేసేవాడు తక్కువ, చేయించుకునేవాడు ఎక్కువ అన్న భేదం పోవాలన్నది అసలు సంగతి. అంతకంటే ఎంతో ముందు సుశ్రుతుడు ప్రమేహ రోగికి చెప్పిన వైద్యం చూడండి. చెప్పులూ గొడుగూ లేకుండా వంద యోజనాలు నడవమన్నాడు. ఆవులతోపాటు తిరగమన్నాడు. పొలం దున్నమన్నాడు, బావి తవ్వమన్నాడు. ఆ చీటీలో గేదెలు కాయడమొక్కటే తక్కువ! బావి తవ్వితే రోగికి షుగరు తగ్గుతుంది, ఊరికి నీళ్ళొస్తాయి. ట్రెడ్‌మిల్ మీద నడిస్తే మొదటిది జరుగుతుంది, రెండోది జరగదు. ట్రెడ్‌మిల్ వద్దని నేననను. జనవరి వానలో, తొందరగా చీకటిపడే రోజుల్లో అదే గతి. కానీ ఎవరికో ఒకరికి ఉపయోగపడే కదలిక ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎందుకంటే అది శిక్షలా ఉండదు.

ఇక నా మట్టుకి నేను చేసేది చాలా చిన్నది. గడ్డి నేనే కోస్తాను. నాన్నతో ఆ మాట మీద రాజీ కుదిరింది. ఫోన్లో ఇప్పుడు "ఎందుకు కోస్తున్నావు" అనరు, "మిట్టమధ్యాన్నం ఎండలో కొయ్యమాక" అంటారు. ఇంట్లో గిన్నెలు, బట్టలు నా వంతు. చూడవలసిన తెర లేని కాల్స్ అన్నీ వీధిలో నడుస్తూ మాట్లాడతాను. అడుగులు లెక్కపెట్టడం మానేశాను. పదివేల అడుగులన్న అంకె కూడా 1965లో జపాన్‌లో ఒక కంపెనీ తన నడక మీటరుకి పెట్టిన పేరులోంచి పుట్టిందే.

వీటికంటే ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. ఈ వయసుకి మనలో చాలామందిమి లీడ్‌లమో, మేనేజర్లమో అయ్యాం. అంటే పదిమంది ఎప్పుడు కూర్చోవాలో మనం పెట్టే మీటింగులు నిర్ణయిస్తున్నాయి. సుశ్రుతుడికి లేని అధికారం అది. నా కింద నడిచే మీటింగులు గంటకి బదులు యాభై నిమిషాలే. కెమెరా ఆపుకుని లేచి తిరిగేవాళ్ళని ఎవరూ ప్రశ్నించరు. హైదరాబాదు టీముకి రాత్రి భోజనం వేళ కాల్ పెట్టం. ఇందుకోసం ఒక క్లయింటుతో గట్టిగానే మాట్లాడవలసి వచ్చింది. కాంట్రాక్టు పోతుందేమోనని రెండు వారాలు బిక్కుబిక్కుమంటూ గడిపాను కూడా. పోలేదు. పోయి ఉంటే ఈ వ్యాసం ఇంత ధీమాగా రాసేవాణ్ణో లేదో చెప్పలేను.

మన పిల్లలకి గేదెల శాపం తెలియదు, నీడపట్టు దీవెనా తెలియదు. వాళ్ళు నీడలోనే పుట్టారు. గడ్డి కోసే మనిషి వచ్చినప్పుడు పలకరించి మంచినీళ్ళివ్వడం, తాతయ్య పెట్టిన గోంగూర మడిలో కలుపు తీయడం, ఒళ్ళు అలిశాక సిగ్గుపడకుండా కూర్చోవడం, ఈ మూడూ వాళ్ళకి ఒకే పాఠంగా నేర్పగలిగితే, పెద్దవాళ్ళు మనకిచ్చిన దీవెనని మనం దుర్వినియోగం చెయ్యలేదనుకోవచ్చు. ఇది చదువుతున్న మీరు కూడా కూర్చునే చదువుతూ ఉంటారు. అయిపోయింది, ఇక లేవచ్చు.